ఐదు తీగలు, ఒక ఆంప్లిఫయరు

(మాండలిన్ యు. శ్రీనివాస్ స్మృతిలో చెన్నైలో చేసిన ఉపన్యాసం)



స్మారకోపన్యాసానికి విద్వాంసుణ్ణి పిలుస్తారు, లేదా శాస్త్రం చదువుకున్నవాణ్ణి పిలుస్తారు. మీరు నన్ను పిలిచారు. మా అమ్మ ఎనిమిదో ఏట పాట మాష్టారి దగ్గర కూర్చోబెడితే జంటస్వరాల దగ్గరే లేచి పారిపోయినవాణ్ణి నేను. నాకున్న అర్హత ఒక్కటే. 1980ల మొదట్లో ఈ ఊళ్లోనే ఒక హార్డ్ రాక్ బ్యాండులో లీడ్ గిటార్ వాయించాను. నిర్వాహకులకు ఆ సంగతి చెప్పి తప్పించుకుందామనుకున్నాను. అందుకే పిలిచామన్నారు. కాబట్టి ఇవాళ అపశ్రుతి దొర్లితే అందులో సగం వాటా వాళ్లది.

మా బ్యాండులో నలుగురం. డ్రమ్స్ ఒక మలయాళీ కుర్రాడివి. బేస్ వాయించేవాడు పెరంబూరు రైల్వే కుటుంబంలో పుట్టిన ఆంగ్లో ఇండియన్. పాడేవాడు తమిళుడు. నేను సైదాపేట తెలుగువాణ్ణి. బ్యాండు పేరు చెప్పను, ముందు వరసలో పెద్దవాళ్లున్నారు. నా గిటారు కలకత్తా సరుకు. తీగ తెగితే మౌంట్ రోడ్డు మీద మ్యూజీ మ్యూజికల్‌కి వెళ్లి ఒక్క తీగే కొనుక్కొచ్చేవాణ్ణి, సెట్టు మొత్తం కొనే స్తోమత లేక. రాక్ గిటారుకి శబ్దం గరగరా చిరుగుతున్నట్టు రావాలి. అందుకు కావలసిన పెడల్ ఇక్కడ దొరికేది కాదు. రిచీ స్ట్రీట్లో రేడియోలు బాగుచేసే ఒకాయన నాలుగు ముక్కలు అతికి, సబ్బుపెట్టెలో అమర్చి ఒకటి చేసిచ్చాడు. దాంట్లో గిటారుతో పాటు అప్పుడప్పుడు ఆకాశవాణి వార్తలు కూడా వినిపించేవి. పాట మధ్యలో తమిళంలో వాతావరణం చెప్పేది. మా శ్రోతల్లో కొందరు అది మా ప్రయోగం అనుకున్నారు.

మా కల ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. లండన్. మూడు పాటలు క్యాసెట్లో రికార్డు చేసి, పాడేవాడి మేనమామ ద్వారా ఒక విదేశీ రికార్డు కంపెనీకి పంపాం. ఇప్పటికీ జవాబు రాలేదు. పోస్టు ఆలస్యం కావచ్చు.

మాకప్పుడు వేదం ఏసీ/డీసీ అనే బ్యాండు. వాళ్ల కథ మాకు నోటికొచ్చు. స్కాట్లాండ్ నుంచి ఆస్ట్రేలియాకి వలసొచ్చిన ఒక కుటుంబంలో మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అన్నదమ్ములు. 1973 డిసెంబరు 31 రాత్రి సిడ్నీలో ఒక క్లబ్బులో తొలిసారి వేదికెక్కారు. బ్యాండు పేరు వాళ్ల అక్క ఇంట్లో కుట్టుమిషన్ మీద దొరికింది: ఆల్టర్నేటింగ్ కరెంటు, డైరెక్ట్ కరెంటు అని రాసి ఉందట. అక్కణ్ణుంచి సారాకొట్లు, వ్యానులో ప్రయాణాలు, ఒకే పాట రాత్రికి రెండుసార్లు. 1976లో లండన్ చేరారు. 1979లో వచ్చిన ‘హైవే టు హెల్’ ఆల్బంతో అమెరికాలో నిలదొక్కుకున్నారు. మరుసటి ఫిబ్రవరిలోనే గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. అదే ఏడు మరో గాయకుడితో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ తీసుకొచ్చారు. మొదటి వేదిక నుంచి అక్కడికి ఏడేళ్లు పట్టలేదు. ఆంగస్ యంగ్ వేదిక మీద బడిపిల్లాడి వేషం వేసేవాడు. పొట్టి లాగూ, టై, టోపీ. ఇరవై ఏళ్లవాడు అలా గంతులేస్తుంటే జనానికి వెర్రి ఉత్సాహం. నేనూ ఒక లాగూ కుట్టించుకున్నాను. మా నాన్న చూసి ఏమన్నారో ఈ సభలో చెప్పదగింది కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మేము పొట్టి లాగూల వేషాల్లో లండన్ కోసం ఎదురుచూస్తుంటే, నిజంగానే బడికెళ్లే వయసున్న పిల్లవాడొకడు ఇదే మద్రాసు నుంచి, చేతిలో కరెంటు వాద్యం పట్టుకుని, పశ్చిమ బెర్లిన్ వెళ్లి వచ్చేశాడు. మాకు తెలియను కూడా తెలియలేదు. పేపర్లో వచ్చిన వార్త మా అమ్మ చదివి వినిపిస్తే, మాండలినా, అది పెళ్లి బ్యాండులో వాయిస్తారు కదా అన్నాను.

ఆ పిల్లవాడే శ్రీనివాస్. 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టాడు. పాలకొల్లంటే తెలుగువాళ్లకి ముందు పంచారామాల్లో ఒకటైన క్షీరారామం గుర్తొస్తుంది, తరవాత అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు గుర్తొస్తారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్ల వయసులో పిల్లవాడు దాన్ని పట్టుకుని వదల్లేదు. తండ్రి కొంత నేర్పి, ఇక తనవల్ల కాదని తన గురువుగారైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఈ కథలో నాకన్నిటికంటే ఆశ్చర్యం కలిగించే సంగతి ఇక్కడుంది. సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు. పిల్లవాడు విన్నది వాయించేవాడు.

కాసేపు ఇక్కడ ఆగుతాను. నేను గిటారు నేర్చుకున్నది కూడా వినికిడి మీదే. క్యాసెట్ వెనక్కి తిప్పడం, నాలుగు స్వరాలు పట్టుకోవడం, మళ్లీ తిప్పడం. కాని నేను వింటున్నది గిటారు. గిటారు విని గిటారు వాయించేవాడికి వేళ్లు ఎక్కడ పెట్టాలన్నది ఒక్కటే సమస్య. ఈ పిల్లవాడు వింటున్నది మనిషి గొంతు. ఆ గొంతులో స్వరం మెట్టు మీద నిలబడదు. కిందినుంచి జారి వస్తుంది, ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వెనక్కొస్తుంది. మాండలిన్ మీద ఆ పని ఎలా చేయాలో చూపించే వేలు అతని ఎదురుగా లేదు. చూపించే గురువు ఉండి ఉంటే మాండలిన్ ఎలా మోగాలో అలాగే మోగించి ఉండేవాడేమో. గురువుకి వాద్యం రాకపోవడమే వరమైంది. ఇంకో విషయం. క్యాసెట్టు ‘బాగాలేదు, మళ్లీ’ అనదు. గురువు అంటాడు.

వాసూరావు అనే సంగీతకారుడు పాశ్చాత్య సంగీతం కూడా అదే వయసులో ఇతనికి పరిచయం చేశారు. కాబట్టి గోదావరి ఒడ్డున ఏమీ తెలియకుండా పెరిగిన అమాయక బాలుడి కథగా దీన్ని చెప్పుకోవద్దు.

వాద్యం గురించి కొంచెం చెప్పాలి, విద్వాంసులు మన్నించాలి. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. వయొలిన్ శ్రుతే. మీటితే టింగుమని మోగి వెంటనే చచ్చిపోతుంది. అందుకే ఇటలీ పాటల్లోనైనా, మన సినిమా పాటల్లోనైనా మాండలిన్ వాయించేవాళ్లు ఒకే స్వరాన్ని గబగబా పదిసార్లు మీటుతారు. ఆ వణుకు అందం కోసం పుట్టింది కాదు, గతిలేక పుట్టింది. స్వరం నిలవదు కాబట్టి. నిలవని స్వరం మీద ఆ జారుడు, ఆ ఊపు, గమకం ఎక్కడ పలుకుతుంది? నీళ్లు లేని కాలవలో పడవ నడపమన్నట్టు. పైగా జత తీగల్ని ఒక వేలితో లాగితే రెండూ సమానంగా సాగవు.

శ్రీనివాస్ జతలు తీసేశాడు. ఒంటి తీగలే ఉంచాడు. నాలుగు చాలక మంద్ర స్థాయి కోసం ఐదోది చేర్చాడు. స ప స ప స అని కర్ణాటక పద్ధతిలో శ్రుతి చేశాడు. బోలు డొల్లని పక్కనపెట్టి గట్టి కట్టెతో చేసిన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. తీగ కదలికని కరెంటు అందుకుంటుంది, ఆంప్లిఫయరు దాన్ని పెంచుతుంది. మీటు చిన్నదైనా స్వరం చివరిదాకా వినిపిస్తుంది. ఆ మిగిలిన నిడివిలో వేలు తీగ మీద జారవచ్చు, ఊగవచ్చు, రెండో స్వరం, మూడో స్వరం మళ్లీ మీటకుండానే పలికించవచ్చు.

హార్డ్ రాక్ వాళ్లు చేసింది అచ్చంగా ఇదే. 1960ల చివర లండన్‌లో కుర్రాళ్లు ఆంప్లిఫయర్లని ఓర్చుకోలేనంతగా పెంచినప్పుడు జనం దాన్ని రొదన్నారు. రొద అయితే అయింది గాని, ఆ రొదలో గిటారు స్వరం గాయకుడి గొంతులా సాగింది. ఒక మీటుతో తీగని పక్కకి లాగి ఏడ్పించగలిగారు. డీప్ పర్పుల్ గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ తన గిటారు మీద మెట్ల మధ్య కట్టెని పల్లంగా తవ్వించుకున్నాడు, వేలు కింద తీగ మరింత వంగడానికి. మన వీణని చూడండి. మైనం మీద నిలబెట్టిన ఇత్తడి మెట్లు, మధ్యలో లాగడానికి కావలసినంత చోటు. తంజావూరు వడ్రంగికి ఎప్పుడో తెలిసిన కిటుకుని ఇంగ్లండు రాక్ గిటారు తనంతట తాను మళ్లీ కనిపెట్టుకుంది. తేడా అల్లా, వాళ్లు కరెంటుతో పాటు చిరుగుని కూడా ఉంచుకున్నారు, ఆ చిరుగులోనే వాళ్ల రసం. శ్రీనివాస్ చిరుగుని తీసేసి నిడివిని మాత్రమే తీసుకున్నాడు.

నాకిష్టమైన కాకతాళీయం ఒకటుంది. లెడ్ జెప్పెలిన్ మొదటి ఆల్బం అమెరికాలో 1969 జనవరి 12న విడుదలైంది. ఆరేడు వారాలకి పాలకొల్లులో శ్రీనివాస్ పుట్టాడు. రెండేళ్లయ్యాక, ప్రపంచంలో అతి పెద్ద శబ్దం చేస్తున్న ఆ బ్యాండు కరెంటు పక్కన పెట్టి, తమ నాలుగో ఆల్బంలో ఒక పాటకి మామూలు మాండలిన్ తీసుకుంది. గిటారిస్టు జిమ్మీ పేజ్ తోటివాడి మాండలిన్ అందుకుని వాయించాడట. వాళ్లు మృదువుగా ఉండాలని మాండలిన్ దగ్గరకొచ్చారు. మనవాడు మాండలిన్‌ని కరెంటు దగ్గరకి తీసుకెళ్లాడు. ఇద్దరూ దారిలో ఎదురెదురుగా దాటిపోయారు.

తొలి కచేరీ 1978లో గుడివాడలో, త్యాగరాజ ఉత్సవాల్లో. వయసు తొమ్మిది. తరవాత కుటుంబం మద్రాసు తరలివచ్చింది. 1981 డిసెంబరు సీజన్‌లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక మీద ఈ ఊరు అతన్ని మొదటిసారి విన్నది. మద్రాసు సభల సంగతి మీకు నేను చెప్పాలా? ఇక్కడి శ్రోత వేలు ముడిచి తాళం వేస్తూ వింటాడు, ఎక్కడ తప్పుతావో చూద్దామని. ముందు అనుమానపడ్డారు. మాండలిన్ మీద కర్ణాటకమా, అందులోనూ కరెంటా అని. ఆ మాట పట్టుకుని ఇప్పుడు వాళ్లని ఛాందసులని నవ్వడం తేలిక. నేను నవ్వను. వయొలిన్ కూడా రెండొందల ఏళ్ల కిందట దొరల బ్యాండులోంచే బాలుస్వామి దీక్షితార్ చేతుల్లోకి వచ్చింది. అది మనదవడానికి చాలా చేతులు మారాల్సి వచ్చింది. క్లారినెట్‌కీ అంతే. ప్రశ్న అడగడం సభ హక్కు. జవాబు చెప్పే భారం వాద్యానిది. ఆశ్చర్యమేమంటే ఈ పిల్లవాడు ఆ జవాబు రెండు మూడు సీజన్లలో చెప్పేశాడు. అదే కాలంలో కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్ కూడా తన జవాబు తాను చెప్పుకుంది.

1983లో పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవం. 1964 నుంచీ జరుగుతున్న ఉత్సవమది, ఐరోపాలో పెద్ద పేరున్నది. ఊరి చుట్టూ గోడ. శ్రోతలు జాజ్ చెవులవాళ్లు, రాగం తెలియదు, తాళం తెలియదు, త్యాగరాజు అసలే తెలియదు. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అరగంట ఇచ్చారనీ, జనం వదలకపోతే మరో గంట వాయించాల్సి వచ్చిందనీ ప్రసిద్ధి. ఆ తరవాత ప్రపంచమంతా దారి ఇచ్చింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవం దాకా.

నేను చాలాకాలం ఆలోచించింది ఈ అరగంట గురించే. వాళ్లకేం అర్థమై లేవనివ్వలేదు? మనం తేలిగ్గా, సంగీతానికి భాష లేదు అనేస్తాం. నాకా మాట మీద నమ్మకం లేదు. కృతికి భాష ఉంది, అది తెలుగు. తమిళ గాయకుడు అర్థం తెలియక విరిచి పాడితే మన ప్రాణం ఉసూరుమంటుంది. మాండలిన్‌లో అక్షరం లేదు కాబట్టి బెర్లిన్ వాళ్లకి ఆ తెలుగు చేరలేదు. చేరింది ఇంకోటి అనుకుంటాను. తీగవాద్యం ఎలా మోగుతుందో వాళ్లకి బాగా తెలుసు. ఎలక్ట్రిక్ గిటారు విని విని పండిన చెవులు. ఆ తెలిసిన కరెంటు శబ్దంలోంచి తమకి తెలియని గొంతు వచ్చింది. పూర్తిగా పరాయిదైతే మర్యాదకి చప్పట్లు కొట్టి పంపేవారు. పూర్తిగా తెలిసినదైతే ఆవులించేవారు. ఒక సంగతి గమనించండి. అతను అక్కడ జాజ్ వాయించలేదు. సభలో ఏం వాయిస్తాడో అదే వాయించాడు. మేం నలుగురం మాత్రం లండన్ వాళ్లకి లండన్ సరుకే పార్శిల్ చేశాం. జవాబు రాకపోవడంలో పోస్టుది తప్పేమీ లేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

మరుసటేడు వేసవిలో మాంబళం వైపు ఒక శ్రీరామనవమి పందిట్లో అతని కచేరీ అని మా అమ్మ నన్ను లాక్కుపోయింది. కొబ్బరాకుల పందిరి, తాటాకు విసనకర్రలు, పానకం. పొడుగు జుట్టుతో నేను వెనక స్తంభం దగ్గర నిలబడ్డాను. వేదిక మీద నున్నగా దువ్విన తలతో ఒక కుర్రాడు, ఒళ్లో బొమ్మంత వాద్యం. పక్కన వయొలిన్, మృదంగం, ఘటం, అందరూ అతనికి తండ్రి వయసువాళ్లు. నేను గిటారువాణ్ణి కదా, అతని ఎడమ చెయ్యే చూస్తున్నాను. ఒక వేలు. ఒకే తీగ మీద ఒక వేలు కిందికీ పైకీ జారుతోంది, నేనైతే నాలుగు వేళ్లతో మూడు తీగలు వెతుక్కునే చోట. వేగంగా వాయించినప్పుడు నాకేం బెంగ కలగలేదు, వేగం మాకూ ఉండేది. విలంబంలో ఒక్క స్వరం మీటి, చెయ్యి తీసేసి, దాన్ని అలా ఊపుతూ వదిలేసినప్పుడు ఇక చూడలేకపోయాను. పక్కవాద్యగాళ్లు తలలూపుతున్నారు, అతను నవ్వుతున్నాడు. ఆ నవ్వు మీలో చాలామంది ఎరుగుదురు.

ఇంటికొచ్చి గిటారు తీగల్ని స ప స శ్రుతికి దించి చూశాను. రెండు రోజులకి తీగ తెగింది. మళ్లీ మౌంట్ రోడ్డు. బ్యాండు ఆ ఏడాది చివరికి విడిపోయింది. అందుకు కారణం శ్రీనివాస్ కాదు, డ్రమ్మర్‌కి దుబాయిలో ఉద్యోగం వచ్చింది.

తరవాతి సంగతులు మీకు తెలిసినవే, రెండు మాత్రం తాకుతాను. ఒకటి, పీటర్ గాబ్రియేల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ 1994లో ‘రామ శ్రీరామ’ తెచ్చింది, మరుసటేడు కెనడా సంగీతకారుడు మైకేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ తెచ్చింది. ఈ బ్రూక్ ఎవరో తెలిస్తే మీకూ నాలాగే నవ్వొస్తుంది. మీటిన స్వరం ఎప్పటికీ ఆగకుండా మోగే ‘ఇన్ఫినిట్ గిటార్’ తయారుచేసినవాడు. యూటూ బ్యాండు గిటారిస్టు వాడింది అదే. స్వరం చచ్చిపోతోందని చిన్నప్పుడు పాలకొల్లులో బాధపడ్డవాడూ, స్వరాన్ని చావకుండా చేసినవాడూ ఒకే గదిలో కూర్చున్నారు.

రెండోది శక్తి అనే బృందం. మహావిష్ణు ఆర్కెస్ట్రాతో చెవులు చిల్లులు పడే శబ్దం చేసిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల నడుమ అదంతా కట్టిపెట్టి, నేల మీద చాప పరుచుకుని, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, మన విక్కు వినాయక్రమ్‌లతో ఆ బృందం పెట్టాడు. ఇరవై ఏళ్ల తరవాత దాన్ని ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ లేపాక, కొద్దికాలానికి వయొలిన్ ఉండాల్సిన చోట మాండలిన్ కూర్చుంది. ఘటం చోట వినాయక్రమ్ గారి అబ్బాయి సెల్వగణేశ్ కంజీరా కూర్చుంది. ఆ కచేరీల రికార్డింగుల్లో ఒకటి గమనించాను. మెక్‌లాఫ్లిన్ ప్రశ్న వేస్తే శ్రీనివాస్ జవాబు చెప్పడు, అదే ప్రశ్నని ఇంకొంచెం మెత్తగా మళ్లీ అడుగుతాడు. రాక్‌లో ఇద్దరు గిటారిస్టులు ఎదురైతే పందెమే. ఇతనికి పందెం కట్టడం చేతనయినా ఇష్టం ఉన్నట్టు లేదు.

1998లో పద్మశ్రీ వచ్చింది, తరవాత సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. 2014 సెప్టెంబరు 19న ఈ ఊళ్లోనే పోయాడు, నలభై అయిదేళ్లకి. తొమ్మిదేళ్లకి వేదికెక్కినవాడు కాబట్టి ముప్ఫయ్యారేళ్లు వాయించాడని లెక్కలు చెప్పి ఓదార్చుకోబోయేవాళ్లని చూశాను. చెంబై వంటి వాళ్లు డెబ్బైల్లో పాడిన పాట మనం విన్నాం. డెబ్బై ఏళ్ల శ్రీనివాస్ చెయ్యి ఎలా ఉండేదో, ఆ నెమ్మదిలో ఏముండేదో, ఆ లెక్కలో రాదు.

2024 ఫిబ్రవరిలో శక్తి బృందానికి ‘దిస్ మూమెంట్’ ఆల్బంకి గ్రామీ వచ్చింది. అతని చోట మళ్లీ వయొలినే ఉంది, గణేశ్ రాజగోపాలన్ వాయించారు. మరో మాండలిన్‌ని కూర్చోబెట్టలేదు. అదే ఏడు డిసెంబరులో జాకిర్ కూడా వెళ్లిపోయారు.

మా అమ్మకి ఇప్పుడు తొంభై దాటాయి. చెవి సరిగా వినపడదు. మొన్న ఈ ఉపన్యాసానికని అతని పాత క్యాసెట్టు ఒకటి వెతికి పెట్టాను. టేపు సాగినట్టుంది, శ్రుతి అటూ ఇటూ అయింది. కాసేపు విని, “నువ్వేనా వాయిస్తున్నది?” అంది. కాదమ్మా అన్నాను. “అనుకున్నాను” అంది.

తెర వెనక పిల్లలు శ్రుతి చేసుకుంటున్నారు, నాకు ఇక్కడికి వినిపిస్తోంది. మధ్యలో ఐదో తీగ కొంచెం దిగింది, సరిచేస్తున్నారు. ఈ మైకు వాళ్లకి కావాలి.